సాక్షి సంతకం లేని కార్డు

హిందూపురం
8 జూన్ 2025

ఏమే సుధా,

నేను రంజితను. హిందూపురం చింతపండు మండీ భాస్కరయ్య కూతురిని. పెనుకొండ హాస్టల్లో ఆరూ ఏడూ తరగతులు నీ పక్క చాప మీద పడుకున్నదాన్ని. ఇంతకన్నా గుర్తు చెప్పాల్సి వస్తే ఈ ఉత్తరం చించి పారెయ్. నీ అడ్రసు ఇరవై ఏడేళ్ల నాటిది. ఫోన్ నంబరు నా దగ్గర లేదు. ఉన్నా చేసేదాన్ని కాదులే, మన ఆటలో మొదటి నియమం నాకింకా గుర్తుంది: "ఆట మాట పోస్టులోనే రావాలి. నోటితో చెప్పింది చెల్లదు."

పోయిన వారం మా అమ్మాయి జయశ్రీ అటక మీది ట్రంకు పెట్టె దింపింది. అది బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతోంది. పెట్టెలో మన నోట్‌బుక్ దొరికింది. అట్ట మీద నీ అక్షరాలు: "పెనుకొండ ఓడ, సంవత్సరం 2525. చేతి ఆయుధాలు." లోపల నేను గీసిన కొక్కి బొమ్మ. ఏనుగు తొండంలాగా ఉంది.

"ఏమ్మా, ఇదంతా నువ్వే రాసిండేదా?" అంది.

"నేనూ, సుధ అని నా స్నేహితురాలూ."

"మీకు రోల్‌ప్లే గేములు అప్పుడే తెలుసునా?"

అప్పుడు తెలిసింది నాకు. ఇప్పటి పిల్లలు అట్లాంటి ఆట కోసం డబ్బు పెట్టి పుస్తకాలు కొంటారట. ఒకరు కథ నడుపుతారట. మిగతావాళ్లు ఒక్కో పాత్ర పట్టుకుని, నేనిది చేస్తాను అని చెప్పి పాచికలు వేస్తారట. ఓహో అనుకున్నాను. మనం పన్నెండేళ్లకే, మా మండీలోని చింతపిక్కలు ఒక పక్క తెల్లగా అరగదీసి ఆడేశాం. దానికి పేరుందని ఎవరికి తెలుసు!

జయశ్రీకి అంతా చెప్పాను. పెనుకొండ కొండే ఒక పెద్ద ఓడై నక్షత్రాల్లో తిరుగుతుందనీ, లోపల తుపాకీ పేలిస్తే ఓడకు చిల్లుపడి గాలి పోతుంది కాబట్టి అందరూ చేతి ఆయుధాలతోనే కొట్లాడాలనీ. నా పాత్ర పేరు మేరీ, మన లెక్కల టీచరమ్మ పేరు. నీ పాత్ర తిమ్మక్క, హాస్టల్ వంటామె పేరు. రోజూ పడుకునే ముందు ఆమె వచ్చి "దీపం కొండెక్కిందా లేదా, పడుకోండే!" అని అరిచేది కదా. దీపం ఆరడాన్ని కొండెక్కడం అంటారని నువ్వు చెబితే నేను పడీపడీ నవ్వాను. ఆ మాటనే తీసుకుని ఆటకు గెలుపు పెట్టుకున్నాం. దీపం పట్టుకుని ఓడ పైఅంతస్తుకు, అంటే కొండకు, ఎవరు ముందు ఎక్కితే వాళ్లే కెప్టెన్.

ఎందుకు రాస్తున్నానంటే, జయశ్రీ, దాని స్నేహితులూ మన ఆయుధాలతో చిన్న పుస్తకం వేస్తామంటున్నారు. మండీ ఆయుధాలు నావి: హమాలీలు బస్తాలు లాగే కొక్కి, గొలుసు కట్టిన తూకం రాయి, బస్తాలో పొడిచి గింజలు తీసే గొట్టపు సువ్వ. ఇవన్నీ ఈ నోట్‌బుక్‌లో ఉన్నాయి. మగ్గం ఆయుధాలు నీవి. అవి నీ నోట్‌బుక్‌లో ఉన్నాయి. విసిరే నాడె ఎంత దూరం పోతుంది, ఎన్ని పిక్కలు తెల్లగా పడితే తగులుతుంది, నాకు గుర్తు లేదు. పంపుతావా?

బాగున్నావా అని ముందే అడగాల్సింది. బాగున్నావా?

నీ
రంజిత


ధర్మవరం
23 జూన్ 2025

రంజిత గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. వీధి పేరు మారింది కానీ పోస్టుమ్యాన్ మా ఇల్లు ఎరుగు.

మేము బాగున్నాము. నా భర్త గంగాధర, నేను ఈ ఇంట్లోనే మగ్గం నేస్తాము. పెద్దవాడు బత్తలపల్లిలో పని చేస్తున్నాడు.

ఆ నోట్‌బుక్ ఉందో లేదో చూడలేదు. చూసే ఉద్దేశం కూడా లేదు. మీ అమ్మాయి మీ ఆయుధాలతో పుస్తకం వేసుకోవచ్చు. నావి వద్దు.

ఇట్లు
సుధ


హిందూపురం
30 జూన్ 2025

ఏమే సుధా,

"రంజిత గారికి నమస్కారం" అట. మున్సిపాలిటీకి అర్జీ పెట్టుకున్నట్టు ఉంది. నా తల దువ్వి, జడలు వేసి, నా వాటా వేరుశనగ ఉండ కూడా తిన్నదానివి. గారు ఏమిటే?

నేనూ మొండిదాన్నే, నీకు తెలుసు. కాబట్టి దాచకుండా అడుగుతాను. ఇంకా ఆ కోపమేనా? ఆ ఆఖరి కార్డు కోపం?

హాస్టలు వదిలి ఎవరి ఊరికి వాళ్లం పోయాక ముప్పై నాలుగు కార్డులు రాశావు నువ్వు. అన్నీ నోట్‌బుక్‌లో పెట్టి రబ్బరు బ్యాండు వేసి దాచుకున్నాను. రబ్బరు కరిగి అట్టకు అంటుకుంది కానీ కార్డులకేమీ కాలేదు. ఆఖరుది 1998 ఫిబ్రవరిది. మేరీ, తిమ్మక్క కొండ కింది ఆఖరి గుమ్మం దగ్గర ఎదురుబొదురు నిలబడి ఉన్నారు. నీకు నాలుగు తెల్లవి పడితే నువ్వు గెలుస్తావు. ఆ కార్డులో నువ్వు రాసింది రెండే ముక్కలు: "మా ఇంట్లో దీపం కొండెక్కింది. ఇంక నావల్ల కాదు." ఎన్ని పిక్కలు పడ్డాయో లేదు. అన్నిటికన్నా ముఖ్యం, కింద సాక్షి సంతకం లేదు.

ఎవరిళ్లలో వాళ్లు పిక్కలు వేసుకునే ఆటలో మోసం జరగకూడదనే కదా ఆ నియమం పెట్టుకున్నాం. నాకు మా అక్క పద్మ సాక్షి. నీకు మీ నాయన. ప్రతి కార్డు కిందా "చూసినా. వెంకటేశులు" అని వంకర అక్షరాలు. ఆ ఒక్కదాని కింద లేవు. నువ్వు మోసం చేశావనుకున్నాను. గెలిచి, "ఇంక నావల్ల కాదు" అని నన్ను వెక్కిరిస్తున్నావనుకున్నాను. నేను ఏదో కోపంగా జవాబు రాశాను. ఏం రాశానో గుర్తు లేదు. పదిహేనేళ్ల పిల్ల ఏం రాస్తుందిలే. నువ్వు మళ్లీ రాయలేదు.

ఒక సంగతి చెబుతాను, నవ్వకు. 2004లో నా పెళ్లి చీర కొనడానికి ధర్మవరం వచ్చాం. అమ్మావాళ్లు చీరలు చూస్తుంటే నేను ఆటో ఎక్కి మీ వీధి మొగ దాకా వచ్చాను. మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. అక్కడే కాసేపు నిలబడి తిరిగిపోయాను. మోసం చేసింది తనైతే నేను పోయేదేమిటి అని పంతం. తర్వాత చాలాసార్లు తిట్టుకున్నాను నన్ను నేనే.

ఇప్పుడు నలభై రెండేళ్లొచ్చాయి మనకు. గెలిచావు పోవే, ఒప్పుకుంటున్నాను. నువ్వే కెప్టెన్. సంతకం లేకపోయినా చెల్లుతుంది. మాట్లాడు.

నీ
రంజిత


ధర్మవరం
19 జూలై 2025

రంజితా,

నీ రెండో ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. మొదటిసారి చదివి మళ్లీ మడిచి గోడ గూట్లో పెట్టేశాను. రెండోసారి చదివినప్పుడు ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆ కార్డు దాచుకున్నానని రాశావు చూడు, అక్కడ.

చావు కబురు కార్డు ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా? చదివిన చోటే చించేస్తారు. మీ ఇంట్లో అయినా అంతే కదా. నువ్వు ఇరవై ఏడేళ్లు నోట్‌బుక్‌లో పెట్టుకున్నావంటే, అదేమిటో నీకు తెలియదు. నాకు ఇది తట్టడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆ కార్డు ఆటది కాదు. మా నాయన పోయినాడు.

జ్వరమని పడుకున్నాడు. నాలుగో రోజుకు లేడు. మగ్గం మీద సగం చీర అట్లాగే ఉంది. ఎవరెవరికి కబురు పంపాలో పెద్దవాళ్లు చూసుకున్నారు. నాకు చెప్పుకోవడానికి నువ్వొక్కదానివే ఉన్నావు. "పోయినాడు" అని రాయడానికి చెయ్యి రాలేదు. మా అవ్వ ఎప్పుడూ అట్లాంటి మాట నోటితో అనేది కాదు. దీపం ఆరితే కొండెక్కిందనేది. తాడు తెగితే పెరిగిందనేది. అందుకే అట్లా రాశాను. ఆటలో ఆ మాటకు వేరే అర్థం ఉందని ఆ పూట నాకు గుర్తే లేదు. సాక్షి సంతకం ఎవరు పెడతారు రంజితా?

నువ్వేం రాశావో గుర్తు లేదన్నావు. నాకు నోటికి వచ్చు.

"సాక్షి సంతకం యాడ? మీ నాయన యాడికి పోయినాడు? నిద్రపోయినాడా? సంతకం లేని దీపం చెల్లదు. మేరీ నీ తిమ్మక్కను కొక్కితో కిందికి లాగేసింది. చచ్చినావు పో."

పదకొండో రోజు వచ్చింది అది. ఇంటి నిండా చుట్టాలు. కార్డు కదా, ఎవరైనా చదవచ్చు. మా చిన్నాయన శ్రీనివాసులు నన్ను ఓదార్చే మాటలేవో ఉంటాయని అందరి ముందూ గట్టిగా చదివాడు. "మీ నాయన యాడికి పోయినాడు" దాకా చదివి ఆపేశాడు. మా అమ్మ నరసమ్మ ఆ కార్డు లాక్కుని పొయ్యిలో పెట్టింది. "ఇంగ ఆ పాపకు నువ్వు రాసేది లేదు" అంది. నేను రాయలేదు.

బడి కూడా అంతటితో ఆగింది. సగం చీర నేనే నేశాను. ఆయన నేసిన చోటూ నేను నేసిన చోటూ కలిసిన కాడ సన్నగా గీత పడింది. ఆ గీతతోనే చీర సేటుకు ఇచ్చాను.

నిన్ను చాలా రోజులు తిట్టుకున్నాను. తర్వాత తిట్టుకోవడం కూడా మానేశాను. మా వీధి మొగ దాకా వచ్చానని రాశావే, అది చదివి ఏడుపొచ్చింది. ఆ రోజు నేను లోపల మగ్గం మీదే ఉండి ఉంటాను. ఒక్క పది అడుగులు వేసి ఉంటే!

నీ మీద కోపం పోయిందో లేదో నాకింకా తెలియడం లేదు. అబద్ధం రాయలేను.

సుధ


పెనుకొండ
27 జూలై 2025, ఆదివారం

సుధా,

ఇది కొండ కింద కూర్చుని రాస్తున్నాను. పొద్దున ప్యాసింజరు ఎక్కాను, నేరుగా ధర్మవరం వచ్చి నీ కాళ్ల మీద పడదామని. పెనుకొండ స్టేషన్లో బండి ఆగింది. కోపం పోయిందో లేదో తెలియని మనిషి ఇంటికి పిలవకుండా పోయి ఏడిస్తే, నన్ను ఓదార్చే పని కూడా నీకే పడుతుంది కదా అనిపించింది. దిగిపోయాను.

తప్పు నాది. చిన్నపిల్లనని, తెలియదని చెప్పుకోవచ్చు. జయశ్రీ అదే అంటోంది. "నీకు తెలీక రాసింటివి కదమ్మా" అని. కానీ తెలియనప్పుడు అడగాలి కదా. రెండు ముక్కల కార్డు వస్తే "ఏమైందే" అని ఒక్క మాట రాయాలి కదా. నాకు గెలుపోటములే కనిపించాయి. నిన్ను మోసగత్తెను చేశాను. ఇరవై ఏడేళ్లు చేశాను.

మీ నాయనను నేను చూసింది మూడుసార్లు. నిన్ను చూడ్డానికి హాస్టలుకు వచ్చినప్పుడల్లా మన ఆట గురించి అడిగేవాడు. తూకం రాయి గురించి మనం కొట్లాడుకున్నాం, జ్ఞాపకముందా? బరువే లేని ఆకాశంలో ఐదు కిలోల రాయికి బలమేముంటుందని నువ్వు. మేరీ టీచరు దగ్గరికి పోతే "బరువు పోయినా ద్రవ్యరాశి పోదు" అని ఏదో చెప్పింది. మనకు అర్థం కాలేదు. మీ నాయన విని, "తలకాయకు తగిలితే ఆకాశంలో అయినా బొప్పి కడ్తాదిలే పాపా" అన్నాడు. ఆ రోజే మనం తూకం రాయి చెల్లుతుందని నియమం రాసుకున్నాం. ఎవరి నాయనకు ఇంత ఓపిక ఉంటుంది సుధా? మా నాయన ఆ చింతపిక్కలు బస్తాలోకి పొయ్యమనేవాడు.

ఆ కార్డు నాతో తెచ్చాను. ఇంకొక్కసారి చదివాను. ఈసారి సరిగ్గా చదివాను. తర్వాత చించేశాను. నాలుగు ముక్కలు చేసి, కొండ కింది కుళాయి దగ్గర చీరతోనే తల మీద నీళ్లు పోసుకున్నాను. పక్కన బిందె పెట్టుకున్న ఒక అవ్వ "ఏమ్మా, ఎవురు పోయినారు?" అని అడిగింది. "మా సుధవాళ్ల నాయన" అన్నాను. "ఎప్పుడు?" అంది. "ఇప్పుడే తెలిసింది" అన్నాను. ఆమె తన కొంగుతో నా తల తుడిచింది.

తక్కిన ముప్పై మూడు కార్డులు రేపు రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. నాకు అక్కర్లేక కాదు. ప్రతి దాని కిందా ఆయన చేతిరాత ఉంది. అవి ఉండాల్సింది మీ ఇంట్లో.

పన్నెండో నంబరు కార్డు చూడు. నేను దాన్ని చూసి అప్పట్లో ఎంత నవ్వానో.

పుస్తకం సంగతి మరిచిపో. నువ్వు జవాబు రాయకపోయినా నేను ఏమీ అనుకోను. అనుకునే హక్కు నాకు లేదు.

రంజిత


ధర్మవరం
12 ఆగస్టు 2025

ఒసే రంజీ,

కార్డులు వచ్చాయి. సంతకం పెట్టి తీసుకున్నాను. విప్పడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

మా ఇంట్లో మా నాయన ఫోటో ఒకటుంది, గోడ మీద. ఆయన చేతిరాత ఎక్కడా లేదు. రాయడం ఆయనకు తన పేరూ, నాలుగైదు మాటలూ మాత్రమే వచ్చు. అవన్నీ నీ దగ్గర ఉన్నాయని నాకు ఒక్కసారి కూడా తోచలేదు చూడు. మా అమ్మను కూర్చోబెట్టి ఒక్కొక్కటే చూపించాను. ఆమెకు చదువు రాదు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడుముతూ, "ఇది ఆయప్పదేనా? ఇది కూడా ఆయప్పదేనా?" అని ముప్పై మూడుసార్లు అడిగింది. అంతా అయ్యాక, "ఆ హిందూపురం పాపకు అన్నం పెట్టల్ల" అంది. ఇంతకాలం నీ పేరెత్తితే మొహం తిప్పుకున్న మనిషి.

పన్నెండో కార్డు చదివాను. నాలుగు తెల్లవి పడ్డాయని నేను రాశాను. కింద ఆయన: "నాలుగు కాదు మూడు. చూసినా. వెంకటేశులు." దొంగదాన్ని పట్టిచ్చేశాడు! ఏడుస్తూనే నవ్వాను. మోసం చేస్తానని నువ్వు అనుమానపడినదాంట్లో తప్పేమీ లేదులే, అంతకు ముందు చేసినదాన్నే కదా.

నోట్‌బుక్ వెతికాను. అటక మీద కాదు, మగ్గం గుంటలో పలక వెనకే ఉంది. ఇరవై ఏడేళ్లుగా నా కాళ్లకు అడుగు దూరంలోనే ఉన్నట్టుంది. జయశ్రీకి చెప్పు, రాసుకోమను:

పన్నె. మగ్గం దువ్వెన. పోగులన్నీ దాని పళ్ల సందుల్లోంచే పోతాయి. ఆటలో ఇది డాలు. అవతలివాడి కత్తి పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. రెండు తెల్లవి పడాలి.

కండె. నూలు చుట్టిన చిన్న గొట్టం. విసిరితే దారం విప్పుకుంటూ పోయి కాళ్లకు చుట్టుకుంటుంది. రెండు పడాలి.

నాడె. మగ్గంలో పోగు మోసుకుని అటూ ఇటూ పోయేది. దూరం పన్నెండు అడుగులు. మూడు పడాలి. తోకకు వెలుగు పోగు ఉంటుంది. విసిరిన చేతికే తిరిగి వస్తుంది. దీన్ని కనిపెట్టింది నేను కాదు. చీర అంచుకు వేరే నాడె ఉండేది మా మగ్గంలో. మా నాయన అటు నుంచి విసిరితే ఇటు కూర్చుని నేను పట్టుకుని మళ్లీ విసరాలి. ఒకసారి పట్టుకోలేక కింద పడేశాను. "పోయేది పెద్ద పని కాదు పాపా, తిరిగి రావాల. రాకపోతే అది నాడె కాదు, కట్టె" అన్నాడు. అదే ఆటలో రాసుకున్నాను. కాబట్టి పుస్తకంలో ఆ పేజీ కింద ఆయన పేరు వేయాలి. వేస్తేనే నా ఆయుధాలు ఇస్తాను.

నీ మీద కోపం పోయిందా అంటే, నిన్న నీకోసం నిమ్మకాయ ఊరగాయ పక్కన పెట్టాను. నువ్వే చెప్పు.

ఇంకొకటి. ఆఖరి గుమ్మం దగ్గర మేరీ, తిమ్మక్క ఇంకా నిలబడే ఉన్నారు. గెలిచావు పో అని నువ్వు రాసింది నాకొద్దు. నియమం ప్రకారం ఆ రోజు నేను పిక్కలు వేయనే లేదు. అందుకే ఈ రోజు మధ్యాహ్నం మగ్గం దిగి వేశాను. చింతపిక్కలు పాతవి లేవు. పప్పులోకి తెచ్చిన చింతపండులో ఐదు ఏరి, గడప మీద అరగదీశాను. నాకు కావాల్సింది నాలుగు.

గంగాధర మగ్గం మీద నుంచే చూస్తున్నాడు. "నాలుగని రాయి. ఆడ ఆమెకేం తెలుస్తాది?" అన్నాడు.

"మా నాయనకు తెలుస్తాది" అన్నాను.

ఇదీ ఆట మాట:

మూడే పడ్డాయి. దీపం ఇంకా కొండెక్కలేదు.

సాక్షి సంతకం: (ఇది నీ చోటు. వచ్చి పెట్టు.)

నీ
సుధ